సీన్‌కు ప్రతిపదార్థం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడింటికి జవాబు రాస్తున్నాను. మొదటి ఉత్తరం రాసినాయన లెక్కల మాస్టారు. ఆయనకు జవాబు రాస్తుంటే పేజీలు పెరిగిపోయాయి. మిగతా ఇద్దరూ ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: అమ్మా, నేను 32 ఏళ్లు లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. నయీంనగర్‌లో ఉంటాం. మా బిడ్డ, అల్లుడు ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో స్థిరపడ్డారు. మనుమరాలికి పదహారేళ్లు. సెప్టెంబర్‌లో సిక్స్త్ ఫామ్‌లో చేరుతుంది, అంటే మన ఇంటర్ లాంటిదే. మ్యాథ్స్, ఫిజిక్స్ తీసుకున్నానంటే సంతోషపడ్డాను. మూడోది ఫిల్మ్ స్టడీస్ అట! కెమిస్ట్రీ వద్దంది. సినిమా చూడటానికి కాలేజీ ఎందుకే అన్నాను. ఫోన్ పెట్టేసింది. నాలుగు రోజులుగా మాటల్లేవు. మా బిడ్డను అడిగితే "దాని ఇష్టం బాపూ" అంటుంది. ఇది నిజంగా సబ్జెక్టేనా, టైంపాసా? రేపు ఇంజినీరింగ్ సీటుకు అడ్డం రాదా? ఆగస్టులో ఇక్కడికి వస్తున్నారు. అలగక ముందు "సినిమా చదివేవాళ్లు వరంగల్‌లో చూడాల్సినవి ఏమున్నాయి తాతయ్యా" అని మెసేజ్ పెట్టింది. ఏం చూపించాలో కూడా చెప్పండి.
ఒక తాత, హనుమకొండ

జవాబు: సార్, మీరు లెక్కల మనిషి కాబట్టి లెక్కతోనే మొదలుపెడతాను. అక్కడ యూనివర్సిటీ అడ్మిషన్ల కోసం గ్రేడ్లను పాయింట్లుగా మారుస్తారు. ఏ స్టార్‌కు 56, ఏకు 48, బీకి 40. మ్యాథ్స్‌లో ఏ వచ్చినా 48 పాయింట్లే, ఫిల్మ్ స్టడీస్‌లో ఏ వచ్చినా 48 పాయింట్లే. అయితే ఒక్కో కోర్సుకు ఫలానా సబ్జెక్టు ఉండి తీరాలనే షరతు విడిగా ఉంటుంది. ఇంజినీరింగ్‌కు చాలాచోట్ల అడిగేది మ్యాథ్స్, ఫిజిక్స్. అవి రెండూ మీ మనుమరాలి చేతిలో ఉన్నాయి. మెడిసిన్ ఆశ ఉంటే మాత్రం కెమిస్ట్రీ వదిలేయడం దెబ్బే, ఆ మాట ఇప్పుడే అడిగేయండి. మీలాగా లెక్కల్లోనే పైకి పోతానంటే, పెద్ద పేరున్న యూనివర్సిటీలు ఫర్దర్ మ్యాథ్స్ అనే ఇంకో సబ్జెక్టు కూడా చూస్తాయి. మీరు పోట్లాడాలనుకుంటే దాని కోసం పోట్లాడండి, న్యాయం ఉంటుంది. సినిమా జోలికి పోకండి, ఓడిపోతారు.

ఇక ఇది సబ్జెక్టేనా అన్నది. నేను అక్కడ ఒక సిక్స్త్ ఫామ్ కాలేజీలో తొమ్మిదేళ్లు ఇదే పాఠం చెప్పి హనుమకొండకు తిరిగొచ్చాను. నేను పోయే ముందు మా నాన్న కూడా అచ్చం మీలాగే అడిగారు. ఆయనకు అడిగే హక్కు ఉంది. పరకాల చుట్టుపక్కల ఊళ్లలో టూరింగ్ టాకీసు ఆపరేటరుగా ఆయన సగం జీవితం గడిచింది. ఒకటే ప్రొజెక్టర్. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలు ఆడుతుంది. అది అయిపోగానే లైట్లు వేసి, ఇంకో రీలు ఎక్కించేదాకా జనం ఈలలు. ఫిల్మ్ తెగితే రెండు కొసలూ బ్లేడుతో గీకి, సిమెంటు అని పిలిచే వాసన ద్రావకం పూసి అతికించేవారు. అతికినప్పుడల్లా ఒకటో రెండో ఫ్రేములు పోయేవి. సెకనుకు 24 ఫ్రేములు కదా, కంటికి తెలిసేది కాదు. చెవికి తెలిసేది. పాట మధ్యలో ఎక్కిలి వచ్చినట్టు ఒక చిన్న కుదుపు. నేను డేరా వెనక కూర్చుని ఈ పాటకు ఎన్ని ఎక్కిళ్లు వచ్చాయో లెక్కపెట్టేదాన్ని. ఆయన జేబులో తెచ్చిన తునకలను కిటికీకి అడ్డం పెట్టి చూస్తే, ఒక్క చెయ్యి పైకి లేవడానికి ఎన్ని బొమ్మలు కావాలో కనపడేది. పాఠం అక్కడే మొదలైంది కానీ అది పాఠమని మా ఇద్దరికీ తెలియదు.

మన బడుల్లో తెలుగు సారు పద్యం ఎలా చెప్పేవారో గుర్తు చేసుకోండి. మొదట రాగం తీసి చదువుతారు. తర్వాత పదవిభాగం, ప్రతిపదార్థం, తాత్పర్యం. ఆ మీదట ఈ మాట ఇక్కడే ఎందుకు పడింది, ఇంకో మాట వేస్తే ఏం పోతుంది అని ప్రశ్నలు. పద్యం విని ఆనందించడానికి బడి అక్కర్లేదు, హరికథ చాలు. విప్పి చూడటానికే బడి. ఫిల్మ్ స్టడీస్ అంటే సీన్‌కు ప్రతిపదార్థం రాయడం. అంతకంటే దగ్గరి పోలిక నాకు దొరకలేదు.

ఒక్క సీన్ చెప్తాను. నేను పాఠం చెప్పిన వేల్స్ పరీక్షల బోర్డు వాళ్ల సిలబస్‌లో, యూరప్ బయటి సినిమాల జాబితాలో, మన మణిరత్నం 1998లో తీసిన 'దిల్ సే' ఉండేది. మన దగ్గర 'ప్రేమతో' పేరుతో తెలుగులో వచ్చింది. దాని మొదట్లో రాత్రివేళ ఒక చిన్న రైల్వే స్టేషన్. హోరుగాలి. హీరో సిగరెట్ వెలిగించుకోవాలని, దూరంగా శాలువా కప్పుకుని కూర్చున్న మనిషిని అగ్గి అడుగుతాడు. అవతలి మనిషి మగవాడే అనుకుంటాడు. మనమూ అదే అనుకుంటాం. గాలికి శాలువా తొలగిపోతుంది, చూస్తే అమ్మాయి. టీ కావాలంటుంది. అతను పరుగెత్తి టీ తెచ్చేసరికి ఆమె ఎక్కిన రైలు కదిలిపోతుంది. ఇంతే కథ. మొదటిసారి చూపించినప్పుడు మా పిల్లలు "లవ్ స్టోరీ, మిస్" అని పెదవి విరిచారు.

రెండోసారి సౌండ్ తీసేసి చూపించాను. మూడోసారి బొమ్మ మూసేసి సౌండ్ మాత్రమే వినిపించాను. నాలుగోసారి ప్రతి షాట్ దగ్గరా, అంటే కెమెరా ఆపకుండా తీసిన ఒక్కో ముక్క దగ్గరా, ఆపుతూ పోయాం. కెమెరా ఎవరి వైపు నిలబడింది, వెలుగు ఎక్కడి నుంచి వస్తోంది, శాలువా తొలగక ముందు ఆ మనిషి గురించి మనకు తెలిసింది ఎంత అని అడుగుతూ పోయాను. వెనక బెంచీలో ఎప్పుడూ హుడీ తలమీదికి లాక్కుని కూర్చునే పిల్లవాడు ఒకడు ఉండేవాడు. వాడు చెయ్యెత్తాడు. "మిస్, మనకు హీరోకు తెలిసిందే తెలుస్తోంది. అతను మోసపోతే మనమూ మోసపోతాం. ఆమె వైపు నుంచి ఒక్క నిమిషం కూడా చూపించలేదు" అన్నాడు. ఆ అమ్మాయి ఎవరో, ఎందుకు మాట్లాడటం లేదో తర్వాత కథంతా దానిమీదే నడుస్తుంది. వాడికది తెలియదు, అప్పటికి సినిమా మొత్తం చూపించలేదు. వాడు మూడు నిమిషాల్లోంచి మూడు గంటల సినిమా పట్టుకున్నాడు. ఆ రోజు కాలేజీ నుంచి బస్సులో ఇంటికి పోతూ నాన్నకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "మంచిగనే ఉంది గానీ జీతం ఎంతిస్తరు?" అన్నారు.

సిలబస్ కూడా చెప్పాలి, మీకు ఊహ అందడానికి. నేను చెప్పినప్పుడు రెండేళ్లకు 11 సినిమాలు. పాత హాలీవుడ్ సినిమా ఒకటి, 1960 తర్వాతది ఒకటి తీసుకుని పోల్చాలి. కొత్త అమెరికన్ సినిమాలు రెండు, బ్రిటిష్ సినిమాలు రెండు, ఇతర దేశాలవి రెండు. డాక్యుమెంటరీ ఒకటి, మూకీ ఒకటి, ప్రయోగాత్మకం ఒకటి. రెండున్నర గంటల పరీక్షలు రెండు, ఒక్కోదానికి నూటికి 35 వంతులు. మిగతా 30 వంతులకు సొంత పని. నాలుగైదు నిమిషాల సినిమా తీయాలి, లేదంటే స్క్రిప్ట్ రాసి, షాట్ల వారీగా బొమ్మలు పేర్చే స్టోరీబోర్డు పెట్టాలి. దాంతోపాటు ఎందుకలా తీశానో 1600 నుంచి 1800 మాటల్లో వ్యాసం రాసుకోవాలి. బోర్డును బట్టి ఇవి మారతాయి, ఆ అమ్మాయినే అడగండి. ఎంత రాత ఉందో గమనించండి సార్. మ్యాథ్స్, ఫిజిక్స్ మాత్రమే చదివే పిల్లలకు రెండేళ్లపాటు పేరాగ్రాఫ్ రాసే పని పడదు. అక్కడ ఇంగ్లిష్ తప్పనిసరి కాదు, మనలాగా సెకండ్ లాంగ్వేజీ లేదు. రాయడం అనే పని ఈ ఒక్క సబ్జెక్టులోనే మిగులుతుంది.

సినిమా ఉద్యోగం దీంతో వస్తుందా అంటే రాదు. యూనివర్సిటీలో ఫిల్మ్ డిగ్రీకి కూడా చాలాచోట్ల ఇది చదివి ఉండాలన్న షరతు లేదు. వస్తుందని ఎవరైనా బ్రోచర్లో రాస్తే నమ్మకండి. ఇంకో మాట కూడా దాచను. తేలిక అనుకుని చేరినవాళ్లే నా క్లాసులో ఎక్కువ దెబ్బతిన్నారు. తప్పు నాది కూడా ఉంది. మొదటి ఏడాది ఉత్సాహంతో సినిమాలు పూర్తిగా క్లాసులోనే వేసేశాను. రెండు వారాలు హాయిగా చూశారు, ఇద్దరు ముగ్గురు నిద్రపోయారు. తర్వాత పరీక్ష పెడితే కథ రాశారు. పేజీలకు పేజీలు కథ! కథ రాస్తే సున్నా అని నేను ముందే చెప్పలేదు.

ఇప్పుడు ఆగస్టు సంగతి. మీకూ మీ మనుమరాలికీ కలిపి ఒక లెక్క ఇస్తాను. మీ ఇంట్లో చింతగింజలు ఉంటాయి కదా, వామనగుంటల కోసం దాచినవి. టీవీలో ఇప్పటి పాట ఒకటి పెట్టండి. షాట్ మారినప్పుడల్లా, దాన్నే కట్ అంటారు, గిన్నెలో ఒక గింజ వేయండి. పాట నిడివిని సెకన్లలోకి మార్చి, గింజల సంఖ్యకు ఒకటి కలిపి, దానితో భాగించండి. ఒకటి ఎందుకు కలపాలో మీకు నేను చెప్పక్కర్లేదు. వచ్చేది సగటు షాట్ నిడివి. తర్వాత మీ కాలపు నలుపు తెలుపు పాట పెట్టి అదే చేయండి. మొదటిదానికి గిన్నె చాలదు, రెండోదానికి గుప్పెడు కూడా రాకపోవచ్చు. ఇది నా సరదా కాదు. బారీ సాల్ట్ అనే ఆయన 1970లలో సినిమాల శైలిని ఇలా అంకెలతో కొలవడం మొదలుపెట్టాడు. ఆయన మొదట చదివింది ఫిజిక్స్. ఈ పేరు మీరు చెబితే మనుమరాలు మీ వైపు చూసే చూపు మారుతుంది.

గింజలు పారేయకండి, వాటితోనే చేర్యాల పోదాం. జనగామ మీదుగా పోవచ్చు. ఒకప్పుడు మన వరంగల్ జిల్లాలోదే, ఇప్పుడు సిద్దిపేటలో ఉంది. అక్కడ కథల పటాలు గీసే నకాషీ వాళ్లు ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపి పూస్తారు. ఆరాక దానిమీద నేపథ్యానికి ఎరుపు పూసి బొమ్మలు గీస్తారు. పాత పటాలు 3 అడుగుల వెడల్పు, 40 అడుగులు దాటే పొడవు. పద్మశాలీల వాడలో కూనపులి వాళ్లు ఇలాంటి పటం కట్టి మార్కండేయ పురాణం చెప్పేవారు. ముదిరాజుల కోసం కాకిపడగల వాళ్లు పాండవుల కథ చెప్పేవారు. రాత్రి దీపం వెలుగులో పటాన్ని కొంచెం కొంచెం విప్పుతూ, ఒక్కో గడి చూపిస్తూ పాడుతారు. రెండు గడుల మధ్య పూల తీగలాంటి అంచు ఉంటుంది. ఆ అంచు దగ్గర నిలబెట్టి మీ మనుమరాలిని అడగండి, ఇక్కడ ఏం జరిగిందని. అడవిలో ఉన్న మనిషి పక్క గడిలో సభలో ఉంటాడు. మధ్యలో నడిచిన దారి బొమ్మలో లేదు, కథకుడి పాటలో ఉంటే ఉంటుంది, లేదంటే వినేవాడి బుర్రలో ఉంటుంది. స్టోరీబోర్డు ఎట్లా వేయాలని ఆ పిల్ల రేపు తల పట్టుకుంటుంది చూడండి, అప్పుడు ఇది పనికొస్తుంది. బొమ్మలు గీసేవాళ్లను పని చేస్తుండగా ఫోన్‌లో తీయాలంటే ముందు అడగమనండి. ఒక చిన్న పటం కొనండి, ఊరికే చూసి రాకండి.

రామప్ప ఎటూ తీసుకుపోతారు, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక చుట్టాలు ఎవరొచ్చినా అక్కడికే కదా. ఖిలా వరంగల్‌కు మాత్రం పొద్దున్నే పోండి. నాలుగు కీర్తి తోరణాల్లో ఒకదాని కింద నిలబడి ఎదుటిదాన్ని చూడమనండి. రాతి ఫ్రేములో ఇంకో రాతి ఫ్రేము. ఫోన్ తియ్యకముందు పది నిమిషాలు ఊరికే నిలబడాలని షరతు పెట్టండి. నేను మా పిల్లలకు ఇదే షరతు పెట్టేదాన్ని, తిట్టుకునేవారు.

నాలుగు రోజుల మౌనానికి మందు కూడా అడిగినట్టే ఉంది. మీరే ఫోన్ చేయండి. సారీలు, ఉపన్యాసాలు వద్దు. "ప్రేమతో మొదటి సీన్‌లో ఎన్ని కట్లున్నాయే? నాకు లెక్క తప్పుతోంది" అనండి చాలు.

ప్రశ్న: మేడమ్, మాది భూపాలపల్లి. నాన్న సింగరేణిలో పనిచేస్తారు. నేను ఇంటర్ సెకండియర్ బైపీసీ. నాకు డైరెక్షన్ అంటే పిచ్చి. మన దగ్గర ఇంటర్‌లో సినిమా గ్రూపు ఎందుకు లేదు? చదువు ఆపేసి హైదరాబాద్ కృష్ణానగర్ పోదామనుకుంటున్నా. ఒకాయన 80 వేలు కడితే అసిస్టెంట్ డైరెక్టర్‌గా పెట్టిస్తానంటున్నాడు.
ఒక తమ్ముడు, భూపాలపల్లి

జవాబు: తమ్ముడూ, మొదట ఆ 80 వేలు. ఒక్క రూపాయి కూడా ఇవ్వకు. పనిలో పెట్టుకునేవాడు జీతం ఇవ్వాలి, లేదంటే కనీసం టిఫినన్నా పెట్టాలి. నీ దగ్గర తీసుకునేవాడు నిన్ను పనిలో పెట్టడు. ఆ నంబర్ బ్లాక్ చేసి తర్వాతి పేరా చదువు.

మన ఇంటర్ బోర్డులో ఎంపీసీ, బైపీసీ, సీఈసీ లాంటి గ్రూపులేగానీ సినిమా గ్రూపు లేదు. సీబీఎస్‌ఈలో 11, 12 తరగతులకు మాస్ మీడియా స్టడీస్ అనే స్కిల్ సబ్జెక్టు ఉంది, స్కూలు పెడితేనే దొరుకుతుంది. నీకది దాటిపోయింది, చింత లేదు. బైపీసీ పూర్తిచెయ్. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత నాలుగేళ్ల బీఎఫ్‌ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, ఉంది. అందులో ఫొటోగ్రఫీ, విజువల్ కమ్యూనికేషన్ చదవొచ్చు, ఎంట్రెన్స్ రాయాలి. 1960లో పెట్టిన పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో గానీ, 1995లో మొదలైన కోల్‌కతా సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లో గానీ డైరెక్షన్ చదవాలంటే డిగ్రీ కావాలి. ఏ డిగ్రీ అయినా సరే. రెండూ కేంద్ర ప్రభుత్వానివే. ఇప్పుడు ఇంటర్ ఆపేస్తే ఈ మూడు తలుపులూ నీ చేత్తో నువ్వే మూసుకున్నట్టు.

ఈలోపు నీకు పని చెప్తాను. నాన్న మొదటి షిఫ్టుకు పోయే పొద్దు తీయి. అలారం, లైటు, అమ్మ టిఫిన్ డబ్బా మూత నొక్కే చప్పుడు, చెప్పులు, బండి స్టార్టు కావడం. నాలుగు నిమిషాలు, డైలాగ్ ఒక్కటి కూడా వద్దు, పాట అసలే వద్దు. బండి పోయాక కెమెరాను ఇంట్లోనే ఉంచు. గని దగ్గరికి, గేటు దగ్గరికి ఫోన్ పట్టుకుని పోకు, నాన్నకు మాట వస్తుంది. తీశాక అమ్మకు చూపించు. ఎక్కడ ఫోన్ మీంచి తల తిప్పిందో అక్కడ నీ సినిమా పోయింది. ఆ చోట కోసి మళ్లీ చూపించు. ఇక కరీంనగర్‌లో ఏళ్ల తరబడి ఫిలిం సొసైటీ నడిపిన మనుషులున్నారు, వాళ్లు సినిమాలు వేసినప్పుడు బస్సెక్కి పో. ఒక ఊరివాళ్లు డబ్బులు వేసుకుని ప్రపంచ సినిమా తెప్పించుకుని చూశారంటే, కృష్ణానగర్ గది అద్దె కట్టడం కంటే అది మంచి చదువు.

ప్రశ్న: అక్కా, మా ఆయన నెట్‌లో రివ్యూ చూసి "2.75 అంట" అని ప్రతి సినిమా క్యాన్సిల్ చేస్తున్నారు. మీ ఫిల్మ్ స్టడీస్ వాళ్లు కూడా ఇలాగే మార్కులు వేస్తారా?
ఒక చెల్లె, కరీంనగర్

జవాబు: చెల్లె, తొమ్మిదేళ్లలో నేను ఏ సినిమాకూ మార్కులు వేయలేదు, పిల్లలకే వేశాను. 'బాగుంది', 'బాగోలేదు' అన్న మాటలు రాస్తే ఎర్ర పెన్నుతో చుట్టి పక్కన 'ఎక్కడ?' అని రాసేదాన్ని. మీ ఆయనను అదే అడుగు. ఐదులో 2.25 ఏ రీల్లో పోయిందో చెప్పమను. చెప్పలేకపోతే ఆదివారం మ్యాట్నీకి రెండు టికెట్లు నువ్వే బుక్ చెయ్.